డకు కొమ్మిస్తే డు

మూడో అంతస్తు వీధివైపు వాటాలో యాభై ఒక్క ఏళ్లుగా అద్దెకుంటున్నవాడిని, వృత్తిరీత్యా అచ్చు కంపోజిటరును, వయసు ఎనభై ఒకటి, ఈ భవనంలో పిల్లలూ పెద్దలూ ‘తప్పుల్లేని తాత’ అని పిలిచేవాడిని అయిన నేను, నా సొంత దస్తూరీతో, నా సొంత బుద్ధితో రాసుకుంటున్న మొదటిదీ చివరిదీ అయిన వీలునామా ఇది.

నా బుద్ధి నిలకడగానే ఉంది. నిన్న సాయంత్రం సందు చివర డాక్టరు వచ్చి నాడి చూసి, వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. కావాలంటే అక్షరాలు కూడా తిరగేసి చదువుతాను, నలభై ఏళ్లు సీసపు అక్షరాలను అలాగే చదివిన కళ్లివి అన్నాను. గుండె సంగతి వేరు, దాని పద్ధతి దానిది. అందుకే ఈ తొందర. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, బుజ్జగించలేదు. భయపెట్టాలని చూసినవారు ఒకరున్నారు. వారి సంగతి నాలుగో అంశంలో వస్తుంది.

వకీలుగారు చూసి రాసుకోమని ఒక నమూనా కాగితం ఇచ్చారు. దాని నిండా చేయవలెను, పొందవలెను, అనుభవించవలెను. ఈ ‘వలెను’ల మీద నాకు పాత కక్ష ఒకటుంది. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది. కాబట్టి తప్పనిసరైన చోట తప్ప నేను వాటిని వాడను. దానివల్ల వీలునామా చెల్లకుండా పోతుందా అని అడిగితే పోదన్నారు.

ఒకటో అంశం. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యతను కింది అంతస్తులో మెట్ల పక్క గదిలో ఉండే గడియారాల మేస్త్రీకి అప్పగిస్తున్నాను. ఆయన చేతికిచ్చిన గడియారం ఎప్పుడు తిరిగొస్తుందో దేవుడికి కూడా తెలియదు. కానీ వచ్చాక మాత్రం సరైన టైము చూపిస్తుంది. మా ఆవిడ ముచ్చటపడి కొనుక్కున్న గోడ గడియారం రెండేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. మేస్త్రీగారూ, అది మీరే ఉంచుకోండి, అమలు జరిపినందుకు నా కానుక. నా పని మాత్రం ఆ తీరున చేయకండి. సోమవారం కోర్టుంది.

రెండో అంశం. నా పేరన స్థిరాస్తి లేదు. గజం నేల లేదు. ఉన్నదల్లా ఈ వాటా. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధి మీదికి ఇనప కమ్మీల బాల్కనీ, దానికి రంగు అద్దాల తలుపు. ఆ తలుపులో ఎడమవైపు పై అద్దం ఆకుపచ్చది, అది పగిలితే అదే రంగు కాగితం అంటించాం, ఎండ దానిలోంచి కూడా బాగానే వస్తుంది. ఇది నాది కాదు, అద్దెది. అద్దెకొంపను వీలునామాలో రాయడమేమిటని మా అల్లుడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. నేను ఇల్లు రాయడం లేదు, ఇంట్లో ఉండే హక్కు రాస్తున్నాను. ఆ హక్కును, ఆరేళ్లుగా నాతో ఒకే వంటింట్లో వండుకు తింటున్న నా మనవరాలికి, అంటే నా కూతురి కూతురికి, ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్లకు, నా తదనంతరం సంక్రమింపజేస్తున్నాను. దాన్ని ఆమె నిరాటంకంగా అనుభవించవలెను. చూశారా, ఇక్కడ ఆ మాట తప్పలేదు.

మూడో అంశం. ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనివారు ఈ భవనంలో ఇప్పుడు సగం మంది ఉన్నారు. అందుకని రాస్తున్నాను. నలభై మూడేళ్ల కిందట ఒక వానాకాలంలో పై అంతస్తు దూలాలు పుచ్చి కప్పు కూలింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి యజమాని, మేమంతా పెద్దాయన అనేవాళ్లం, మొదటి అంతస్తులో ఉండేవాడు. మెట్ల మీద కూలబడి తల పట్టుకున్నాడు. “బాగు చేయించే స్తోమత నాకు లేదు. మీరంతా వేరే ఇళ్లు చూసుకోండి” అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఇరవై రెండు వాటాల వాళ్లం కలిసి ఐదు వారాలు పనిచేశాం. నాలుగో అంతస్తు వడ్రంగి దూలాలు కొలిచి కోశాడు. మిగతావాళ్లం మెట్ల పొడవునా నిలబడి ఇటుకలు అందించుకున్నాం. మూడో అంతస్తు మలుపు దగ్గర నేను నిలబడితే, నాకు కింద, రెండో అంతస్తు మలుపు దగ్గర మా ప్రెస్సులో పనిచేసే ప్రూఫురీడరమ్మాయి నిలబడేది. ఆమె చేతిలోంచి వచ్చిన ప్రతి ఇటుకా నా చేతికే వచ్చింది. ఆమె సంగతి ఆరో అంశంలో రాస్తాను, రాయకుండా తప్పించుకోను.

కప్పు లేచాక పెద్దాయన అందరినీ లోపలి చావడిలోకి పిలిచాడు. “ఈ ఇల్లు నిలబెట్టింది మీరు. మీరు వాడుకున్నంత కాలం మిమ్మల్ని కదిపేవాడు లేడు. కాగితం మీద పెడతాను” అన్నాడు. అన్నట్టే పెట్టాడు. కింది అంతస్తులో అప్పుడున్న మా ప్రెస్సులోనే ఇరవై రెండు వాటాలకూ ఒకే అగ్రిమెంటు అచ్చయింది. ఇప్పుడు అక్కడ సిమెంటు బస్తాలున్నాయి.

నాలుగో అంశం. పెద్దాయన కొడుకు, ప్రస్తుత యజమాని, చినబాబు. యాభై దాటినా మాకు చినబాబే. ఆయనకు ఈ భవనాన్ని హోటలు చేయాలని ఉంది. నూట ఇరవై ఏళ్ల మెట్లు, చెక్కిన కమ్మీలు, రంగు అద్దాలు, వీటన్నిటినీ పరాయి ఊళ్ల నుంచి వచ్చే మనుషులకు రోజు లెక్కన చూపిస్తాడట. మమ్మల్ని మాత్రం చూపించడట. గేటు పక్కన మునిసిపాలిటీ వాళ్లు ‘చారిత్రక కట్టడం’ అని ఒక ఇత్తడి పలక బిగించారు. లిఫ్టు బాగు చేయించండి బాబూ అంటే ఆ పలక చూపించి, పాత వస్తువు, ముట్టుకోకూడదు అంటాడు. మా గోడలు పగలగొట్టి స్నానాలగదులు కట్టడానికి మాత్రం ఆ పలక అడ్డం రాదు. లిఫ్టు ఆగి తొమ్మిదేళ్లయింది. డాబా తలుపుకు తాళం పడి నాలుగేళ్లు. మెట్ల దీపాలు తీయించాడు. ప్రెస్సు ఖాళీ చేసిన గదుల్లో ఎవరూ ఉండకపోయినా రోజంతా గోడలకు డ్రిల్లు పెట్టిస్తాడు. నేను నాలుగు నెలలుగా కిందికి దిగలేదు. దిగితే ఎక్కలేనని ఆయన మేనేజరుకు బాగా తెలుసు. వచ్చినప్పుడల్లా తలుపు కొట్టి “ఆరోగ్యం ఎలా ఉంది తాతగారూ?” అని ఆత్రంగా అడిగి పోతాడు.

మేనేజరు మెట్ల గోడకు అంటించే నోటీసుల సంగతి కూడా రాయాలి. ఆయన ‘అద్దెదారులకు అంతిమ హెచ్చరిక’ అని పొద్దున అంటిస్తే సాయంత్రానికి ఆ నోటీసులో ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ ఎర్ర సిరాతో దిద్ది ఉంటాయి. కింద ‘మళ్లీ రాయుము’ అని ఉంటుంది. ఎవరు దిద్దుతున్నారో కనిపెట్టాలని మేనేజరు ఒక మనిషిని కాపలా కూడా పెట్టాడు. మా భవనంలో తెలియనివారు లేరు, చెప్పినవారూ లేరు.

పోయిన ఏడు చినబాబు ఎవరో పెద్ద వకీలును పట్టుకుని పాత అగ్రిమెంటు చదివించాడు. నలభై రెండేళ్లలో ఆ కాగితాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆ వకీలే. ‘అద్దెదారు గానీ, వారితో కలిసి ఉండే కుటుంబీకులు గానీ ఈ వాటాను వాడుకున్నంత కాలం వారిని ఖాళీ చేయించరాదు’ అని ఉండాల్సిన వాక్యంలో ‘వాడకున్నంత కాలం’ అని ఉంది. అంటే ఇంట్లో ఉండనంత కాలమే మాకు రక్షణ, ఉంటే లేదు. అచ్చుతప్పు అని చంటిపిల్లవాడికైనా తెలుస్తుంది. వాళ్ల వకీలు మాత్రం కోర్టులో “మా కక్షిదారు తండ్రిగారు చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. ఇంటిని వాడకుండా తాళం వేసి ఊరెళ్లినవారికి రక్షణ ఇవ్వాలనే ఆయన ఉద్దేశం” అని వాదించాడు. జడ్జిగారు మన వకీలును, తప్పని నిరూపించే కాగితం ఏదైనా ఉందా అని అడిగారు. లేదు అన్నారు మన వకీలు. ఆయనకు తెలిసినంతలో ఆ మాట నిజమే.

ఐదో అంశం. ఆ అగ్రిమెంటు కంపోజు చేసింది నేను.

ఎలా జరిగిందో పూర్తిగా రాస్తాను. సీసపు అక్షరాలుండే గళ్లపెట్టెను మేము కేసు అంటాం. గడికొక అక్షరం, గుణింతపు గుర్తులకు వేరే గళ్లు. డ ముక్క పక్కన కొమ్ము ముక్క పెడితే డు. మామూలు పనికి ఒక గడి కొమ్ములు చాలీ చాలకా సరిపోతాయి. కానీ చట్టం భాష ఉంది చూశారూ, అది కొమ్ముల మీదే బతుకుతుంది. చెల్లించవలెను, ఉంచవలెను, అప్పగించవలెను, బాధ్యుడగును. ఆ ఒక్క పేజీ నూట ముప్పై కొమ్ములు మింగింది. మొదటిసారి కూర్చినప్పుడే మూడు తప్పులు దొర్లాయి. ప్రూఫురీడరమ్మాయి మూడింటినీ పట్టుకుని ఎర్ర సిరాతో దిద్దింది. మూడోది ఈ కొమ్మే. ఆ దిద్దిన ప్రూఫునే పెద్దాయన దగ్గరికి తీసుకెళితే ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, కింద నీలి సిరాతో ‘దిద్దిన ప్రకారం అచ్చు వేయండి’ అని రాసి సంతకం చేశాడు. తేదీ కూడా వేశాడు.

రెండు తప్పులు సరిచేశాను. మూడోదానికి చూస్తే కొమ్ముల గడి ఖాళీ. అలాంటప్పుడు ఆ చోట ఒక ఖాళీ ముక్క దూర్చి, పాత పేజీ ఏదైనా విప్పి కావలసిన అక్షరం తెచ్చుకుంటాం. అలాగే ఖాళీ ముక్క పెట్టి, పాఠ్యపుస్తకం పేజీ విప్పడానికి లేచాను. అప్పుడే మెట్ల మీద నుంచి నర్సు కేక వేసింది. “కంపోజిటరు గారూ, ఆడపిల్ల!” లిఫ్టు అప్పట్లో నడిచేది. అయినా అది కిందికి వచ్చేదాకా ఎవరు ఆగుతారు? మూడంతస్తులూ పరుగెత్తుకుంటూ ఎక్కాను. మళ్లీ దిగేసరికి మెషీను అతను అంతా అచ్చు వేసేసి, కాగితాలు తాడు మీద ఆరేశాడు. మొదటి కాగితంలోనే కనిపించింది. ఆ రోజు నాకు ఎవరిచేతా చీవాట్లు తినాలనిపించలేదు. ఎవరు చదువుతారులే అనుకుని ఊరుకున్నాను.

నా మాట నమ్మనక్కర లేదు. మీ మీ అగ్రిమెంట్లు తీసి చూసుకోండి. ‘వాడకున్నంత’లో డకూ ‘కు’కూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. సరిగ్గా ఒక కొమ్ము పట్టే వెడల్పు. ఇరవై రెండు కాగితాల్లోనూ ఉంటుంది.

ఆరో అంశం. తప్పు చేయడం కన్నా పెద్ద పని ఇంకొకటి చేశాను. ఏడాది తరవాత ప్రెస్సు ఓనరు వేరే పని మీద ఆ అగ్రిమెంటు తిరగేస్తూ తప్పు చూశాడు. మా ఇద్దరినీ పిలిచి ఎవరిదని అడిగాడు. “ప్రూఫులో ఉన్నదే కూర్చానండీ” అన్నాను నేను. ప్రూఫురీడరమ్మాయి ఆశ్చర్యంగా నా వంక చూసింది. “ఆ ప్రూఫు తెప్పించండి. నేను దిద్దానో లేదో కాగితమే చెబుతుంది” అంది. చిత్తుకాగితాల్లో పోయిందన్నాను. అది ఎక్కడికీ పోలేదు. కేసు గళ్లలో సీసం రజను రాలకుండా అడుగున పాత ప్రూఫులు పరవడం మాకు అలవాటు. అది నా కేసు అడుగునే ఉంది. నా చేతులతో నేనే పరిచాను. ఓనరు ఆ మధ్యాహ్నమే ఆమెను పనిలోంచి తీసేశాడు. మాతో మాత్రం, పెద్దాయన చెవిన పడితే ప్రెస్సును ఖాళీ చేయిస్తాడు, నోరు మెదపొద్దు అన్నాడు. ఆ ప్రెస్సు కూడా ఈ భవనంలో అద్దెకున్నదే కదా.

ప్రూఫు సరిగ్గా చూడదట అని పేరు పడ్డాక ఊళ్లో ఏ ప్రెస్సూ ఆమెను పెట్టుకోలేదు. రెండో అంతస్తులో, మా వాటాకు సరిగ్గా కింద, పిల్లలకు చదువు చెప్పుకుని బతికింది. ఈ భవనంలో పుట్టిన పిల్లలందరికీ గుణింతాలు ఆమె దగ్గరే వచ్చాయి, నా కూతురితో సహా. నలభై ఏళ్లు రోజూ సాయంత్రం ఐదింటికి పిల్లల గొంతులు మెట్ల గూటిలోంచి పైకి వినిపించేవి. గకు కొమ్మిస్తే గు. చకు కొమ్మిస్తే చు. డకు కొమ్మిస్తే డు. ఆ వరస వచ్చేసరికి నేను రేడియో పెద్దది చేసేవాణ్ణి. మా ఆవిడకు నాకు చెవుడేమోనని అనుమానం ఉండేది.

ఈ నలభై ఒక్క ఏళ్లలో ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగి దారి ఇచ్చేది. మా ఆవిడ పోయినప్పుడు మాత్రం పైకి వచ్చి, మూడు రోజులు మా వంటింట్లో నిలబడి వచ్చినవారందరికీ వండి పెట్టింది. నా కంచం కూడా ఆమే పెట్టింది. అప్పుడు కూడా మాట్లాడలేదు. ఆ అన్నం తింటూ చెబుదామనుకున్నాను. నోట్లో అన్నం ఉంది అని నాకు నేను సాకు చెప్పుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఏడో అంశం. కోర్టు నోటీసులు వచ్చాక అద్దెదారులందరూ మా గదిలోనే మీటింగు పెట్టారు, నేను దిగలేనని. ఇది మీ ప్రెస్సులో అచ్చయిందే కదా తాతగారూ, ఎవరు కూర్చారో గుర్తుందా అని అడిగారు. గుర్తులేదన్నాను. కింది వాటా ప్రూఫురీడరు తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను ఒకసారి చూసి దిగి వెళ్లిపోయింది. తప్పుల్లేని తాత అని పిలిపించుకోవడం ఎంత చెడ్డ అలవాటో అప్పుడు తెలిసింది.

పోయిన నెల నాలుగో అంతస్తు కుట్టుమిషను ఆవిడ భయపడి ఖాళీ చేసేసింది. ఆవిడ తండ్రే అప్పట్లో దూలాలు కోసిన వడ్రంగి. వెళ్లే ముందు ఇల్లంతా కడిగి, నా దగ్గర ఎప్పుడో తీసుకున్న నిచ్చెన తెచ్చి ఇచ్చింది. “ఉంటాను తాతగారూ, మీరు జాగ్రత్త” అని నాకే ధైర్యం చెప్పింది. తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడుపు అయ్యాక, ప్రెస్సు మూసినప్పుడు ఇంటికి తెచ్చుకున్న నా కేసు కిందికి దించి, గళ్ల అడుగు కాగితాలు ఒక్కొక్కటే తీశాను. ప్రూఫు ఉంది. అంచులు పసుపెక్కాయి, ఒక మూల సీసపు మరక పడింది. ఎర్ర కొమ్ము, నీలి సంతకం, తేదీ, అన్నీ చక్కగా కనబడుతున్నాయి.

ఎనిమిదో అంశం. సదరు ప్రూఫును ఇరవై ఒక్క వాటాల అద్దెదారులకూ, ఖాళీ చేసి వెళ్లిన కుట్టుమిషను ఆవిడకూ ఉమ్మడి ఆస్తిగా ఇస్తున్నాను. ఇది నేను పోయేదాకా ఆగే ఆస్తి కాదు. సోమవారం ఉదయం మన వకీలు ద్వారా కోర్టుకు చేరుతుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి దింపుతారు. బోనులో నిలబడి ఐదో అంశం, ఆరో అంశం నా నోటితో చెబుతాను. ఈలోగా ప్రాణం పోతే ప్రూఫుతో పాటు ఈ వీలునామాను గడియారాల మేస్త్రీ తీసుకెళ్లి జడ్జిగారి ముందు పెట్టవలెను. గెలిస్తే మొట్టమొదట నాలుగో అంతస్తు తాళం తెరిపించి ఆవిడను వెనక్కి పిలవండి. నిచ్చెన కూడా ఆవిడకే ఇచ్చేస్తున్నాను.

ఖాళీ అయిన కేసు నా మనవరాలిది. ఏళ్లుగా దాని నిండా క్లిప్పులు, పిన్నులు, కమ్మలు పెట్టుకుంటోంది. అమ్మలూ, నీ పిన్నుల కింద ఇరవై రెండు కుటుంబాల ఇళ్లున్నాయని నీకు తెలియదు. నాకు తెలుసు. రోజూ పొద్దున నువ్వు తల దువ్వుకుంటుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. నా స్టిక్కు, అంటే అక్షరాలు వరసగా పేర్చుకునే ఇనప పట్టీ, అదీ నీదే. ల్యాబులో దేనికైనా పనికొస్తే వాడుకో, లేకపోతే కిటికీ కొట్టుకోకుండా అడ్డం పెట్టుకో.

తొమ్మిదో అంశం. నా ఏకైక కూతురికి వాళ్లమ్మ రేడియో, పడక కుర్చీ, పెట్టెలోని రెండు పట్టుచీరలు. అమ్మాయీ, ఐదో అంశం చదివి నువ్వు ఏడుస్తావు, నేను పుట్టిన రోజే ఇలా జరిగిందా అని. ఆ తప్పుకూ నీకూ సంబంధం లేదు. నా జీవితంలో అంత వేగంగా మెట్లెక్కింది ఆ ఒక్కసారే, అది మాత్రం నీదే.

అల్లుడిగారికి గొడుగు. మెట్ల గూటిలో మాట్లాడిన మాట మూడో అంతస్తుకు స్పష్టంగా వినిపిస్తుందని ఆయనకు తెలియదు. “మా మామగారు ఉన్నన్నాళ్లే కదండీ, తరవాత తాళాలు మీ చేతికే” అని మేనేజరుతో అంటుంటే బాల్కనీలో కూర్చుని విన్నాను. అల్లుడుగారూ, తాళాలు మీ దగ్గర లేవు, మీ కూతురి దగ్గర ఉన్నాయి. గొడుగు పుల్ల ఒకటి విరిగింది, బాగు చేయించుకోండి.

పదో అంశం. చినబాబుకు, సీసపు కొమ్ము ఒకటి, అగ్గిపెట్టెలో పెట్టి. ప్రెస్సు మూసేసిన రోజు తెచ్చుకున్నాను. బాబూ, మీకు కొమ్ములొచ్చాయని ఈ భవనంలో అందరూ అంటారు. మీ నాన్నగారి కాగితంలో ఉండాల్సిన కొమ్ము మాత్రం ఇది. దాన్ని అద్దం ముందు పట్టుకుని చూడండి, అప్పుడే సరిగ్గా కనబడుతుంది. మీరు మా గదిలో నేల మీద పాకుతూ అక్షరాల ముక్కలు నోట్లో పెట్టుకునేవారు, మా ఆవిడ వేలు పెట్టి తీసేది. ఆ చనువుతోనే చెబుతున్నాను, కేసు వదిలెయ్యండి. వదలకపోతే మేము కూడా వదలం.

పదకొండో అంశం. నేను పోయిన రోజు చేయవలసిన పనులు. నా దేహాన్ని వెనక ఇనప మెట్ల మీద నుంచి దించవద్దు. ముందు మెట్ల మీద నుంచే, ప్రతి అంతస్తు మలుపు దగ్గర ఆగుతూ, తీరిగ్గా దించండి. లిఫ్టు లేదు గనుక భుజాలు నొప్పెడతాయి. నొప్పెట్టిన ప్రతివారూ మేనేజరుకు ఆ సంగతి విడివిడిగా చెప్పండి. అందరూ నా వెంట రావద్దు. వాటా ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదు. నన్ను గుమ్మం దాటిస్తున్నప్పుడు మనవరాలు వంటింట్లో ఉండి, పొయ్యి వెలిగించి, టీ పెట్టుకోవలెను. తాతకు చివరి చూపు అని కిందికి పరుగెత్తుకు రావద్దు. బాల్కనీలోంచి చూస్తే వీధి మలుపు దాకా కనబడతాను. తలుపు దగ్గర మేనేజరు కాగితంతో నిలబడి ఉంటాడు. కప్పు చేత్తో పట్టుకుని వెళ్లి తలుపు తీసి, మేము ఈ వాటాను వాడుకున్నంత కాలం మమ్మల్ని కదిపేవాడు లేడు అని చెప్పి, తలుపు వెయ్యి. తరవాత కూర్చుని ఏడువు, నేనేమీ అనను.

పన్నెండో అంశం. రెండో అంతస్తు ప్రూఫురీడరు గారికి ఈ వీలునామాలో నేను ఏమీ రాయడం లేదు. కారణం ఉంది. సాక్షి సంతకం పెట్టినవారికి వీలునామాలో ఏమిచ్చినా చెల్లదని వకీలుగారు చెప్పారు. నాకు ఆమె సాక్ష్యం కావాలి. ఆమె పోగొట్టుకున్న పనికీ, పేరుకూ బదులు ఇవ్వగలిగినది నా దగ్గర ఎలాగూ ఏమీ లేదు. సాక్షికి వీలునామా చదివి వినిపించనక్కర లేదట, నేను సంతకం పెడుతుంటే చూస్తే చాలట. ఆమెకు అలా వద్దు. మొత్తం కాగితం ఆమె చేతికివ్వాలి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవనివ్వాలి. నా మొహాన విసిరికొట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆమె సంతకం పెట్టకపోతే రెండో సాక్షిగా వకీలుగారి గుమాస్తా పెడతాడు, వీలునామా చెల్లుతుంది. నాకు మాత్రం చెల్లినట్టుండదు.

మనవరాలిని కిందికి పంపాను. తాత పిలుస్తున్నాడని చెప్పొద్దు, చూడవలసిన ప్రూఫు ఒకటుందని చెప్పు అన్నాను. మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపిస్తున్నాయి. ఇక సంతకం పెడతాను.

తేదీ: రెండువేల పద్దెనిమిది, ఏప్రిల్ పద్నాలుగు, శనివారం, ఉదయం పదకొండున్నర.

సంతకం: మూడో అంతస్తు కంపోజిటరు

సాక్షి ఒకటి: సందు చివర డాక్టరు. రాసినవారు స్పృహలో ఉండి నా ఎదుట సంతకం చేశారు. నాడి కొంచెం వేగంగా ఉంది.

సాక్షి రెండు, ఎర్ర సిరాతో: రెండో అంతస్తు ప్రూఫురీడరు. నా ఎదుట సంతకం చేశారు. మొత్తం రెండుసార్లు చదివాను. పదకొండో అంశంలో మళ్లీ ‘వాడకున్నంత’ అనే రాశారు. డకు కొమ్మిచ్చాను. కంపోజిటరు గారూ, సోమవారం నేను కూడా వస్తున్నాను. దిద్దిన ప్రకారం చెల్లుతుంది.